స్టేపుల్ అంటే మొదట రాట

టోకెన్ నంబరు నలభై ఒకటి. లోపల ఇప్పుడు నడుస్తున్నది ఇరవై ఆరో, ఇరవై ఏడో. అంటే ఇంకో గంట ఎటూ పోదు, ఆ గంటసేపూ లాల్ అహ్మద్ ఈ ఆస్పత్రి వరండాలో ఇనప బెంచీ మీద కూతురి పక్కన కూర్చోవాలి, కూతురేమో ఆయనతో మాట్లాడదు. మాట్లాడక పద్నాలుగు నెలలు. ఇద్దరి మధ్యా మందుల సంచీ, నీళ్ళ సీసా, అక్క రసూల్‌బీ మడిచిచ్చిన పాత దుప్పటి. అనీసా చున్నీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఎదురు గోడ చూస్తోంది. ఫిబ్రవరి కదా, యార్డుకి మిరప లారీలు రావడం మొదలైంది, గుంటూరులో ఏ సందులో నిలబడ్డా గొంతులో గరగర. వరండాలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉన్నారు. తుమ్మితే కుట్లు లాగుతాయని పిల్లకి భయం, పొట్ట మీద చెయ్యి అదిమిపెట్టి తుమ్ముని మింగుతోంది. కుట్లు కూడా కాదుట. చీటీ మీద ఏదో ఇంగ్లీషు గిలికి ఇచ్చారు, ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు గానీ అందులో ఒక్క మాట రూపం తెలుసు. ముప్పై ఎనిమిదేళ్ళుగా పత్తి శాంపిల్ కవర్ల మీద చూసిన మాట అది, పాము చుట్టలాంటి అక్షరంతో మొదలవుతుంది. స్టేపుల్. అమ్మాయి పొట్ట కోసి బిడ్డను తీశాక దారంతో కుట్టకుండా ఇనప పిన్నులు వేశారు, పదోనాడు తీస్తామన్నారు, ఇవాళ పదోనాడు. అల్లుడు సాదిక్‌కి దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదు. అక్క పసివాడి దగ్గర ఉండాలి. వాళ్ళ అమ్మ ఉంటే అమ్మ వచ్చేది. ఇక మిగిలింది ఈయన.

ఆటోలో కూడా మాట్లాడలేదు. గతుకు వచ్చినప్పుడల్లా అబ్బా అంది, ఆ అబ్బా తండ్రిని పిలిచిన అబ్బా కాదు, నొప్పిది. ఇంట్లో అయినా అంతే, అత్తా, నీళ్ళు కాగినయ్యేమో మీ తమ్ముణ్ణి చూడమను, అత్తా, మీ తమ్ముణ్ణి డ్రాప్స్ తెమ్మను. తొలికాన్పు పుట్టింట్లో కావాలన్న ఆనవాయితీకి తలవంచి వచ్చింది గానీ తండ్రి ముఖం చూసి రాలేదు. పదిరోజుల పసివాడు ఆ గదిలో ఏడుస్తుంటే ఈయన గడప అవతల నిలబడి వింటాడు. వాణ్ణి ఇంకా ఎత్తుకోలేదు. ఎవరూ ఎత్తుకోవద్దనలేదు. అలాగని తెచ్చి చేతికి ఇవ్వనూ లేదు. రసూల్‌బీ ఒకసారి తేబోయింది, తెస్తుంటే లోపలినుంచి అత్తా అని ఒక్క పిలుపు, ఆవిడ వెనక్కి తిరిగింది. ఆ పిలుపులో ఏముందో ఆయనకి తెలుసు. ఆ చేతులకా, అని ఉంది.

చేతులు ఇప్పుడు ఒళ్ళో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. ఊరికే ఉన్నాయా అంటే ఉండవు. దుప్పటి అంచున లేచిన నూలుపోగు ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యకి ఎప్పుడొచ్చిందో వచ్చేసింది. వదిలేశాడు. గడ్డం కిందికి వెళ్ళింది చెయ్యి, అక్కడ రెండు వెంట్రుకలు పట్టుకుంది. ఛీ, నీ యవ్వ, అనుకున్నాడు చేతిని. ఇంత దూది పీచు తీసుకోవడం, రెండు చేతుల వేళ్ళతో బిగించి లాగడం, తెగిన సగం పారేసి మిగిలిన సగంలోంచి పోగులు దువ్వినట్టు తీసి ఒకదాని పక్కన ఒకటి పేర్చడం, బొటనవేలి గోటి మీద పెట్టి చూడటం, ఇరవై ఎనిమిది, ముప్పై, ఇరవై ఆరున్నర. మిల్లీమీటర్లు. స్కేలు అక్కర్లేదు. మిల్లులో మిషను వచ్చాక కూడా ఓనర్లు ముందు లాల్ అహ్మద్‌ని పిలవండి, తర్వాత మిషను వెయ్యండి అనేవాళ్ళు. అరమిల్లీ తేడా రాలేదు ఎప్పుడూ. రైతులు పింజ అంటారు, పొట్టి పింజ, పొడుగు పింజ. ఓనర్లు స్టేపుల్ అంటారు. పింజ అంటే ఆయన నాన్న మాట, స్టేపుల్ అంటే ఆయన మాట. నాన్న విల్లు భుజాన వేసుకుని ఊరూరా పరుపుల దూది ఏకడానికి పోయేవాడు, ఆ నారి టంగుమని మోగితే వీధిలో పిల్లలందరూ చేరేవాళ్ళు, ఒంటినిండా తెల్లగా నూగు, దగ్గు, ఆ దగ్గుతోనే పోయాడు. పోయేముందు ఒకటే మాట చెప్పాడు, ఒరేయ్, దూదికి నోరు లేదు, నీకుంది, జాగ్రత్త అని. జాగ్రత్తగానే ఉన్నాడు. ఒక్కనాడు తప్ప.

ఓపీ గది తలుపు సందు చేసుకుని లోపలినుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి. చీటీలు ఇవ్వండమ్మా, అంది గొంతు. లాల్ అహ్మద్ బెంచీ అంచు పట్టుకున్నాడు. నర్సే, చీటీల కోసమే, ఎవరో నాలుగు చీటీలు ఆ చేతిలో పెట్టారు, చెయ్యి లోపలికి పోయింది. అయినా ఆయన కళ్ళలో చెయ్యి అక్కడే ఉంది, పోదు. పద్నాలుగు నెలలుగా ఆ చెయ్యి ఎక్కడ పడితే అక్కడ వస్తుంది. బస్సు కిటికీలోంచి చిల్లర కోసం వచ్చే చెయ్యి. రేషను షాపు కౌంటరు మీది చెయ్యి. కళ్ళు దించి నేల చూసుకున్నాడు, ఫినాయిలు వేసి తుడిచిన నేల, తడి, ఎవరి చెప్పుకో అంటుకుని వచ్చిన చిన్న దూది ఉండ. కాలితో దాన్ని బెంచీ కిందికి తోశాడు.

అనీసా డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీ నుంచి ఇటుకరాయంత డిక్షనరీ ఒకటి తెచ్చింది. నాన్నా, నీ మాట చూశా, అంది వచ్చీరాగానే, చెప్పులు కూడా విప్పకుండా. నీ మాటకి ఎన్ని అర్థాలో తెలుసా. వాళ్ళ అమ్మ గుల్జార్ బేగం చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. పిల్ల నేల మీద బోర్లా పడుకుని వేలుపెట్టి చదివింది, చదివి తెలుగులో చెప్పింది. పీచు పొడవు ఒకటి, అది మనకి తెలిసిందే. రెండు చివర్లూ వంచి కొట్టే ఇనప మేకు ఒకటి, కాగితాలకి కొట్టే పిన్ను దానికి మనవరాలు. ఏ ఊళ్ళో జనం ఏది తిని బతుకుతారో ఆ తిండి ఒకటి, మనకి అన్నంలాగా. ఇంకోటి, పాతకాలంలో రాజుగారు ఫలానా ఊరు అని గీత గీసి, గొర్రెబొచ్చు అమ్మాలంటే అందరూ అక్కడికే తేవాలని పెట్టిన బజారు. అంటే మన యార్డన్నమాట, అన్నాడు లాల్ అహ్మద్. యార్డే నాన్నా, అంది పిల్ల, ఇంకా విను, ఆ బజారులో బొచ్చు పట్టి చూసి పొడుగూ పొట్టీ వేరుచేసే మనిషిని స్టేప్లర్ అనేవాళ్ళట. నువ్వు స్టేప్లర్‌వి నాన్నా. గుల్జార్ నవ్వితే చాటలో బియ్యం కదిలాయి. మరి వీటన్నిటికీ మొదలేంటి, అని అడిగాడు. అన్నిటికంటే ముందు, వెయ్యేళ్ళ కింద, ఆ మాటకి రాట అని అర్థమట. పందిరికి పాతే రాట. స్తంభం. రాట నుంచి దుకాణం బల్లకి, బల్ల నుంచి బజారుకి, బజారు నుంచి బొచ్చుకి వచ్చి ఉండొచ్చునని రాశారు, ఖాయంగా తెలీదని కూడా రాశారు. పుస్తకం రాసినోళ్ళకే తెలీదా, అన్నాడాయన, ఆ మాట ఎందుకో చాలా నచ్చింది. గుల్జార్ మాత్రం రాయి ఒకటి ఏరి బయటికి విసిరి, రాటంటే నేను నమ్ముతా, మీ నాన్న ఇంట్లో ఉండేది అట్టాగేగా, పలకడు, కదలడు, బట్టలారేసుకోవడానికి పనికొస్తాడు, అంది.

ఆవిడ నోటికి ఎవరు తట్టుకుంటారు. దుప్పట్లో పోగు లాగితే చెయ్యి మీద ఒక్కటి వేసేది. పడుకున్నప్పుడు తన జుట్టు చివర్లు పట్టుకుని లాగి చూసేవాడట, తనకే తెలీదు, ఎంతొచ్చిందయ్యా స్టేపుల్, కొంటావా, యార్డుకి తోలిస్తావా, అనేది చీకట్లో. పోయిన ఏడాది కాదు, అంతకు ముందటి డిసెంబరు. పత్తి ముమ్మరంగా దిగే రోజులు. పేట రోడ్డులో మిల్లు ముందు ట్రాక్టర్ల వరస. ఆయనకి పద్ధతి ఒకటుంది, అది ఆయన గొప్ప కూడా. శాంపిల్ ఎవరిదో అడగడు. కవరు మీద నంబరే తప్ప పేరు ఉండకూడదు, పేరు తెలిస్తే వేళ్ళు మొహమాటపడతాయి. ఒకసారి తన సొంత బావమరిది అయూబ్ పత్తినే పొట్టి పింజ అని తోసేశాడు, ఎవరిదో తెలీదు, తెలిశాక కూడా మాట మార్చలేదు, అయూబ్ రెండేళ్ళు గడప తొక్కలేదు. మిల్లు ఓనరు రామాంజనేయులుగారు పదిమందిలో భుజం తట్టాడు, మనిషంటే లాల్ అహ్మదయ్యా, అన్నాడు. ఆ డిసెంబరుకీ ఆ తట్టిన గొప్ప భుజం మీద అలాగే ఉంది. ఆ రోజు శాంపిల్ గదిలో పొద్దున ఆరుకే డెబ్బై కవర్లు. నలభై దాకా చూసి ఉంటాడు, ఫోను వచ్చింది. గుల్జార్ స్నానాలగదిలో పడిపోయింది. వెళ్ళేసరికి చాప మీద ఉంది. అంతే. పొద్దున ఫ్లాస్కులో చాయ్ పోసిచ్చి, చక్కెర తక్కువైతే అక్కడే వేయించుకో, అన్న మనిషి.

పిల్ల ఎప్పుడొచ్చిందో గుర్తులేదు. అప్పటికి దానికి పెళ్ళై ఏడాది, పొన్నూరు దగ్గర బళ్ళో ఇంగ్లీషు టీచరు, ఏదో బస్సు పట్టుకుని వచ్చింది, ఎవరెవరో వచ్చారు, ఏడుపులు, అత్తరు వాసన, అవన్నీ కలిసిపోయి ఉన్నాయి. కలవకుండా విడిగా ఉన్నది ఒకటే. పెరట్లో దుప్పట్లు అడ్డం కట్టారు. అవతల ఆడవాళ్ళు గుల్జార్‌కి ఆఖరి స్నానం చేయిస్తున్నారు, నీళ్ళు దుప్పటి కిందనుంచి ఇవతలికి పారి మట్టి బురదైంది. ఇవతల మగవాళ్ళు. కర్పూరం అందిమ్మన్నారు, ఎవరో అందించారు. దూది అన్నారు. దూది చుట్ట తన పక్కనే గట్టు మీద ఉంది, నీలం కాగితంలో చుట్టి. తీసుకున్నాడు. దుప్పటి సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది, అరచెయ్యి పైకి, తడిగా. ఈయన కాగితం విప్పాడు, ఇంత తుంచాడు. ఆ తర్వాత చేసింది లాల్ అహ్మద్ కాదు. కాదు అని పద్నాలుగు నెలలుగా తనకి తను చెప్పుకుంటున్నాడు. వేళ్ళు బిగిశాయి, లాగాయి, సగం పారేశాయి, పోగులు పేర్చాయి, గోటి మీద పెట్టాయి. నోరు పలికింది. ఇరవై రెండు, పనికిరాదు. మిల్లులో పనికిరాని శాంపిల్‌ని ఎలా వెనక్కి విసురుతాడో అలా విసిరాడు, చుట్టతో సహా. అది పోయి బురదలో పడింది. చెయ్యి అలాగే చాచి ఉంది. ఎంతసేపు ఉందో. అది అనీసా చెయ్యి, మణికట్టు మీద పుట్టుమచ్చ. అయూబే ఎక్కడినుంచో ఇంకో దూది తెచ్చి ఆ చేతిలో పెట్టాడు. వెనక ఎవరో గొంతు తగ్గించి, పెళ్ళాం శవం దగ్గర కూడా గ్రేడింగేనా, అన్నారు. తగ్గించిన గొంతు ఎప్పుడూ బాగా వినపడుతుంది.

మెడికల్ షాపు దూది ఇరవై రెండు దాటదు, మిల్లుల్లో దువ్వగా రాలిన పొట్టి పీచుతో చేస్తారు దాన్ని. అంత పొట్టి పీచు వేళ్ళకి తగిలేసరికి వేళ్ళు ఊరుకోలేదు. కబరస్తాన్‌కి వెళ్ళినప్పుడల్లా గుల్జార్‌కి ఇదే చెప్తాడు, నిన్ను కాదే, దూదిని అన్నా. ఆవిడ నవ్వి ఉంటుందనే అనుకుంటాడు, ఆవిడ గురించి బెంగ లేదు. ముక్కులో పెట్టే దూది, చెవుల్లో పెట్టే దూది, ఎన్ని మిల్లీమీటర్లయితే ఏం, మట్టిలో కలిసేదానికి. ఈ మాట కూతురికి ఎలా చెప్పాలి. పదిమందిలో దాని పరువు తీశాడు, అమ్మ శవం ముందు తండ్రి మనిషి కాకుండా పోయాడు, అదే కదా దాని కోపం. అక్కతో రెండుసార్లు కబురు పెట్టాడు. చెయ్యి పొరపాటమ్మా అని చెప్పు, అన్నాడు. రసూల్‌బీ తిరిగొచ్చి, విన్నది, ఏం అనలేదు, అంది. వెయ్యేళ్ళు తిరిగి తిరిగి రాట కాస్తా బజారైంది, బజారు పింజైంది, పింజ ఇప్పుడు పిన్నై దాని పొట్టలో దిగింది. ఏ మాట ఎటు పోతుందో పుస్తకం రాసినవాళ్ళకే తెలీనప్పుడు, ఇరవై రెండు అన్న మాట ఎటు పోయి ఎవరిలో దిగిందో ఈయనకేం తెలుస్తుంది.

నలభై ఒకటి, అని పిలిచారు.

అనీసా లేవబోయి ఆగింది, నొప్పి. ఈయన చెయ్యి ముందుకు వెళ్ళి, మధ్యలో ఆగి, మందుల సంచీ తీసుకుంది. అమ్మాయి గోడ పట్టుకుని లేచింది. తలుపు దగ్గర నర్సు, గుండెల మీద రెబ్కా అని పేరు, యాభై ఏళ్ళుంటాయి, చీటీ చూసి, పిన్నులు తియ్యాలా, అమ్మ రాలేదామ్మా, అంది. అనీసా తల అడ్డంగా ఊపింది. మరి నాన్నగార్ని రమ్మను, కాస్త చెయ్యి పట్టుకునేవాళ్ళుండాలి. అనీసా రమ్మనలేదు. రెబ్కాయే వెనక్కి చూసి, రండి బాబాయిగారూ, ఏం కాదు, చూడలేకపోతే అటు తిరగండి, అంది. వెళ్ళాడు. చిన్న గది, పచ్చని తెర, బల్ల మీద అమ్మాయి, తలవైపు ఈయన. రెబ్కా గ్లౌజులు తొడుక్కుంది, బల్ల చివర పళ్ళెంలో చిన్న కత్తెరలాంటిది పెట్టుకుంది. తర్వాత, తన పనిలో తానుండి, అస్సలు ఆలోచించకుండా అడిగింది. బాబాయిగారూ, నా చేతులకి గ్లౌజులున్నాయి, ఆ చుట్టలోంచి కాస్త దూది తుంచి ఇటివ్వండి.

నీలం కాగితం. తుంచాడు. ఇచ్చెయ్, అనుకున్నాడు, ఇచ్చెయ్ ఇచ్చెయ్ ఇచ్చెయ్. ఈయన తలలో మాటలు నడుస్తుండగానే వేళ్ళు బిగిశాయి. లాగాయి. పీచు రెండు ముక్కలై రెండు చేతుల్లోకి వచ్చింది. లాల్ అహ్మద్ ఆ రెండు ముక్కలూ పట్టుకుని నిలబడిపోయాడు. నోరు మాత్రం మూసుకున్నాడు, దవడ నొప్పి పుట్టేటంత గట్టిగా. కిందికి చూస్తే కూతురు ఆ చేతుల్నే చూస్తోంది. రెబ్కా ఏదీ తెలీకుండా ఒక ముక్క అందుకుని స్పిరిట్‌లో ముంచింది.

"ఆ రోజు దూది నేను తెచ్చాను నాన్నా," అంది అనీసా.

పద్నాలుగు నెలల తర్వాత వచ్చిన మొదటి మాట అది, ఆయన దాన్ని విన్నాడు గానీ దాని లోపలికి వెళ్ళడానికి కొంచెంసేపు పట్టింది. అనీసా పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తూ మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. తను వచ్చేసరికే అమ్మ చల్లబడిపోయింది. నోట్లో చుక్క నీళ్ళు పొయ్యలేదు. అందరూ తలో పనీ చేస్తున్నారు, తనకి ఏ పనీ లేదు, దూది కావాలంటే తను వెళ్తానంది. వీధి చివరి షాపు తియ్యలేదు. బస్టాండు దాకా నడిచింది, చెప్పుల్లేకుండా, అక్కడ షట్టరు బాది తీయించింది. పెద్ద చుట్ట ఇవ్వండి, అన్నిట్లోకీ మంచిది ఇవ్వండి, అని అడిగింది.

"అమ్మకి నేను చేసిందల్లా అదొక్కటే. నువ్వు పనికిరాదన్నావు."

తన చెయ్యి గురించి ఆలోచించాడు ఇన్నాళ్ళూ. గుల్జార్ గురించి, జనం గురించి, గొంతు తగ్గించి అన్న మాట గురించి ఆలోచించాడు. ఆ చుట్ట ఎవరు తెచ్చారు అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తనకి తట్టలేదు. ఎవరిదో అడగకపోవడమే గొప్పని బతికిన మనిషికి ఎలా తడుతుంది. అడగనేలేదు. గట్టు మీద ఉంది, తీసుకున్నాడు.

"నాకు తెలీదమ్మా నువ్వు తెచ్చావని," అన్నాడు.

"తెలిస్తే?"

రెబ్కా మొదటి పిన్ను తీసింది. అనీసా మొహం ముడుచుకుంది, పళ్ళ బిగువున ఊపిరి పీల్చింది, కళ్ళు మాత్రం ఆయన మీదనుంచి తియ్యలేదు. తెలిస్తే ఆగేవాణ్ణి తల్లీ, అనాలి. ఏ తండ్రయినా అదే అంటాడు. అంటే అయిపోతుంది. అయూబ్‌ది అని తెలిశాక కూడా మార్చని మాట గుర్తొచ్చింది. ఇప్పుడు, ఇంత తెలిసీ, ఈ గదిలో ఈ వేళ్ళు చేసిన పని ఇంకా ఎడమచేతిలోనే ఉంది.

"తెలిసినా ఈ చెయ్యి ఆగేది కాదేమోనమ్మా," అన్నాడు.

రెబ్కా తలెత్తి ఇద్దర్నీ చూసి మళ్ళీ తల దించుకుంది. అనీసా కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు.

"అబద్ధం చెప్తావేమోనని చూస్తున్నా," అంది. రెబ్కా ఇంకో పిన్ను తీశాక మళ్ళీ తనే అంది. "ఇంటికెళ్ళాక బాబుని ఇస్తా. వాడి గురించి ఏమీ చెప్పొద్దు. బరువు తక్కువనీ, రంగనీ, ఎవరి పోలికనీ, ఏదీ. ఊరికే ఎత్తుకో."

"అట్టాగేనమ్మా."

అన్నాడే గానీ చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు. పదిరోజులుగా గడప అవతల నిలబడి దీని కోసమే కదా చూసింది. ఇప్పుడు ఇస్తానంటే, ఆ పట్టుకుచ్చులాంటి జుట్టు ఈ వేళ్ళకింద పడుతుందనే భయం తప్ప ఇంకేమీ లేదు. ఇంకా పదకొండు పిన్నులున్నాయి తల్లీ, ఓర్చుకో, అంది రెబ్కా.